ప్రెసిడెంటుగారి గిత్త బందెలదొడ్డికి వచ్చిన సోమవారం

మొన్న గురువారం పొద్దున్న, ఇక్కడ గల్ఫులో, గలాలీలో నేను పనిచేసే ఇంటి పెరట్లోకి ఒక మేక వచ్చి పడింది. పక్కింటివాళ్ళది. మామా ప్రాణంగా పెంచుకుంటున్న మల్లెపొదని మొదలుకంటా కొరికేసింది. మామా అంటే నేను చూసుకునే పెద్దావిడ. ఇంట్లో అందరూ ఆవిడని అలాగే పిలుస్తారు, పద్దెనిమిదేళ్ళుగా నేనూ అలాగే పిలుస్తున్నాను. ఆవిడ చక్రాల కుర్చీలో కూర్చుని అరబ్బీలో మేకని తిడుతుంటే, మా డ్రైవరు దాని మెడకి తాడు వేసి గేటుకి కట్టేశాడు. అతనిది జగిత్యాల దగ్గర పల్లెటూరు. వయసులో నాకంటే చాలా చిన్నవాడు.

"ఆ ఇంటోళ్ళు ఊళ్ళె లేరు. గీ మేకను ఇప్పుడేం జెయ్యాలె అక్కా?" అన్నాడు.

"బందెలదొడ్డిలో పెట్టాలి" అన్నాను. ఆలోచించకుండానే వచ్చింది ఆ మాట. దాన్ని పలికి ఎన్నేళ్ళయిందో నాకే తెలియదు.

అతను నవ్వాడు. "మీ దిక్కు గూడ ఉండెనా అది? మా నాయిన జెప్పంగ విన్న గని నేనైతే సూడలే."

"చూడ్డమేంటి, నేను పుట్టిందే అందులో" అన్నాను.

మేక మధ్యాహ్నందాకా ఆగకుండా అరిచింది. కూరగాయలకి జిదాఫ్స్ మార్కెట్టుకి వెళ్ళిన డ్రైవరు అక్కణ్ణించి ఒక పచ్చగడ్డి మోపు కూడా కొనుక్కొచ్చాడు. మోపుకి కట్టిన తాడు తెంపి గడ్డి విదిలించగానే తడిగా, తియ్యగా ఒక వాసన వచ్చింది. నేను బియ్యం కడుగుతున్న గిన్నె పక్కన పెట్టేసి, గుమ్మంలో కూర్చుండిపోయాను. అతను కూడా ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు. అప్పుడు మొదలుపెట్టాను చెప్పడం.

మా ఊరు పల్లె అనడానికి పెద్దది, పట్నం అనడానికి చిన్నది. ఊరి చుట్టూ వరిచేలు, మధ్యలో ఒకటే బజారు. బజారు మొదట్లో నువ్వుల గానుగ, దాని పక్కన బెల్లం కొట్టు, ఆ తర్వాత కిరసనాయిలు డిపో, బట్టల కొట్లు. కళ్ళు మూసుకుని నడిచినా ముక్కే చెప్పేసేది ఎక్కడున్నామో. బజారు చివర పంచాయతీ ఆఫీసు. దాని మేడ మీద ఒక గరాటా లాంటి మైకు ఉండేది. సాయంత్రం అయిదున్నరకి బంట్రోతు పంచాయతీ రేడియో పెట్టేవాడు. ధరవరలు, వాతావరణం, ఆ తర్వాత పాటలు. చేలనుంచి వచ్చిన రైతులు కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగుల మీద కూర్చుని వినేవారు. వాన వస్తుందని రేడియో చెప్పిందంటే, ఆకాశం వైపు చూసి, "చూద్దాం, మబ్బు మనకి కూడా చెప్పాలిగా" అనుకునేవారు.

సోమవారం సంత. చుట్టుపక్కల ఊళ్ళనుంచి బళ్ళు, కావిళ్ళు, తట్టలు వచ్చేవి. జీళ్ళు, పప్పుండలు, గాజులు, మట్టికుండలు, కొడవళ్ళు, పలుపుతాళ్ళు. సంత గేటు దగ్గర పంచాయతీ మనిషి ఆశీలు వసూలు చేసేవాడు. తట్టకింత, కావిడికింత అని లెక్క. ఆడవాళ్ళు అతన్ని తిట్టుకుంటూనే కట్టేవారు.

పంచాయతీ ఆఫీసు వెనకాల నాలుగు వైపులా మట్టిగోడ, ముందు తాటిదుంగల తలుపు ఉన్న జాగా ఒకటి ఉండేది. అదే బందెలదొడ్డి. ఎవరి గొడ్డయినా ఇంకొకరి చేలో పడి మేస్తే, ఆ చేనుగలవాడు దాన్ని తోలుకొచ్చి అందులో పెట్టించవచ్చు. గొడ్డుగలవాడు ఆఫీసులో బందె, అంటే జరిమానా, కట్టి చీటీ తెచ్చుకోవాలి. చీటీ చూపించేదాకా గొడ్డు బయటికి రాకూడదు. మా నాన్న ఆ దొడ్డికి కాపలాదారు. గోడకి ఆనుకుని ఉన్న ఒంటిగదిలో మా కాపరం. నేను అక్కడే పుట్టాను. పేడ వాసన, నానిన తవుడు వాసన, ఎండుగడ్డి వాసన మాకు ఇంటి వాసనలే. బళ్ళో పక్కపిల్ల ముక్కు మూసుకున్నప్పుడుగానీ అవి వేరేవాళ్ళకి వాసనలని నాకు తెలియలేదు.

"మనిషి మీద కోపం ఉంటే మనిషితో తేల్చుకోవాలి. గొడ్డుకి మాత్రం కడుపునిండా పెట్టాలి" అనేవాడు నాన్న. బందెలో పడ్డవాటికి తనే కాలవగట్టుకి వెళ్ళి గడ్డి కోసుకొచ్చేవాడు. పాడిమేకలు పడితే పాలు పితికి, సొంతదారు రాగానే చెంబుతో అందించేవాడు. ఒకసారి నేనూ, మా వీధి పిల్ల ఒకత్తీ కలిసి ఎవరిదో నల్లమేకని దొంగతనంగా పితికి, బెల్లం వేసుకుని తాగేశాం. మూతికి అంటిన నురగ చూసి అమ్మ పట్టేసింది. నాన్న కొట్టలేదు. సాయంత్రం మేకగలావిడ వచ్చేదాకా నన్ను తలుపు దగ్గర కూర్చోబెట్టి, నాచేతే ఆవిడకి చెప్పించాడు. ఆవిడ నవ్వేసి, "తాగితే తాగింది, పసిపిల్ల" అని వెళ్ళిపోయింది. కొట్టినా బాగుండేదనిపించింది నాకు.

నాన్నకి సంతకం, అంకెలు తప్ప చదువు రాదు. దొడ్డిలో ఒక పెద్ద పుస్తకం ఉండేది. ఏ గొడ్డు, ఏ రంగు, గుర్తులేంటి, ఎవరిది, ఎవరు తెచ్చారు, ఎవరి చేలో పడింది, ఎప్పుడు వదిలారు, అన్నిటికీ గడులు ఉండేవి. అంతకుముందు ఆఫీసు గుమాస్తా వారానికోసారి వచ్చి రాసేవాడు. నేను అయిదో క్లాసుకి వచ్చాక ఆ పని నాకొచ్చింది. "గేదె, నలుపు, కుడికొమ్ము వంకర" అని రాసుకుంటుంటే నాకేదో ఉద్యోగం దొరికినట్టు ఉండేది. మొదటిసారి మునసబుగారి దూడ పడ్డప్పుడు, "మునసబు" అని రాసి పక్కన "గారు" అని చేర్చబోయాను. నాన్న ఆపాడు.

"ఈ పుస్తకంలో గారు ఉండదమ్మా. ఎవరికీ రాయకూడదు."

"ఎందుకు?"

"ఒకరికి రాసి ఒకరికి రాయకపోతే గొడవ. అందరికీ రాస్తే గడి చాలదు" అన్నాడు.

కాలవ అవతలి గట్టు మీద ఒక ముసలావిడ చిన్న చెక్క పొలం కౌలుకి తీసుకుని కూరపాదులు పెట్టేది. ఆనప, బీర, పొట్ల, ఒక పక్కన వంగ. ఊరంతా ఆవిడని పాదుల మామ్మ అనేవారు. మనిషి బక్కపలచగా, కాస్త వంగి ఉండేది. మాట మాత్రం గట్టిది. సంతలో ఆవిడ దగ్గర ఆనపకాయ కొంటే కొసరుగా నాలుగు వంకాయలు వేసేది. అమ్మ కొనుక్కొస్తే నాన్న ఆ నాలుగూ ఏరి నాచేత వెనక్కి పంపేవాడు. "ఎప్పుడో ఒకప్పుడు ఎవడి గొడ్డో ఆవిడ పాదుల్లో పడుతుంది, ఆవిడ దాన్ని ఇక్కడికి తోలుకొస్తుంది. మనం కొసరు తినకూడదు" అనేవాడు. అమ్మ విసుక్కునేది. ఆవిడా విసుక్కునేది.

ఊడుపులు అయిపోయిన రోజులు. ఒక సోమవారం, సంత నిండుగా ఉన్న వేళ, బజారులో ఏదో కలకలం వినిపించింది. నేను తలుపు మీదకి ఎక్కి చూశాను. జనం రెండు పక్కలకీ తప్పుకుంటున్నారు. మధ్యలో పాదుల మామ్మ నడిచి వస్తోంది. ఆవిడ చేతిలో ముకుతాడు, ఆ తాడు చివర తెల్లటి ఒంగోలు గిత్త. దాని భుజం ఆవిడ తలకంటే ఎత్తుగా ఉంది. మెడలో ఇత్తడి గంటలు. ఆ గంటలు ఎవరింటివో ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పంచాయతీ ప్రెసిడెంటుగారివి. గిత్త మాత్రం ఎవరో షికారుకి తీసుకెళ్తున్నట్టు తాపీగా నడుస్తోంది. దాని మూతికి ఇంకా బీరతీగ ఒకటి వేలాడుతోంది. గానుగ ఆగిపోయింది. బట్టల కొట్టాయన గజంబద్ద చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు.

మామ్మ మా తలుపు ముందు ఆగింది. నాన్న బయటికి వచ్చి గిత్తనీ ఆవిడనీ చూశాడు.

"ఇది ఎవరిదో తెలుసా మామ్మా?"

"తెలుసు నాయనా. తెలిసే బజారు మీదనుంచి తోలుకొచ్చేను. సందులోంచి తెత్తే నేను తేలేదంటారు రేపు" అంది. "బీరపాదంతా తొక్కేసింది. వంగమొక్కలు సగం పోయేయి. మూడోసారి ఇది. రెండుసార్లు వాళ్ళ పాలేరుకి చెప్పి ఊరుకున్నాను."

నాన్న అడ్డుకర్ర తీసి తలుపు తెరిచాడు. గిత్త లోపలికి వెళ్ళి, నేరుగా కుడితి గోలెంలో మూతి పెట్టింది.

"అమ్మాయ్, పుస్తకం తే" అన్నాడు నాతో.

రంగు, గుర్తులు రాశాను. ఎవరిది అన్న గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ప్రెసిడెంటుగారి పేరు, ఇంటిపేరుతో సహా రాసి నాన్న వైపు చూశాను. బయట అంతమంది జనం. నాన్న తల అడ్డంగా ఊపాడు. గారు రాయలేదు.

పావుగంటలో ప్రెసిడెంటుగారి పెద్దపాలేరు వచ్చాడు. గట్టిగా మాట్లాడలేదు. అందుకే భయమేసింది.

"ఏవయ్యా, పొరపాటు జరిగింది. తోలుకుపోతాను, తలుపు తియ్యి."

"బందె కట్టి చీటీ తెచ్చుకోండి, తీత్తాను" అన్నాడు నాన్న.

పెద్దపాలేరు ఆఫీసుకి వెళ్ళాడు. ప్రెసిడెంటుగారు కోర్టు పని మీద పట్నం వెళ్ళారట, మర్నాటికిగానీ రారట. ఆయన పేరు మీద బందె చీటీ రాయడానికి గుమాస్తాకి చెయ్యి రాలేదు. "ఆయన్ని వచ్చాక అడిగి రాస్తాను" అన్నాడట. పెద్దపాలేరు తిరిగొచ్చి తలుపు అవతల నిలబడి, మా గది వైపు, ఆరేసిన అమ్మ చీర వైపు, గుమ్మంలో ఉయ్యాలలో పడుకున్న మా తమ్ముడి వైపు చూసి, "గది బాగుంది. ఎన్నాళ్ళనుంచి ఉంటున్నారు ఇక్కడ?" అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం రేడియో దగ్గర నాన్న పక్కన ఎవరూ కూర్చోలేదు. అందరూ పలకరించారు, కానీ నిలబడే. ఇంటికొచ్చాక అమ్మ అన్నం పెడుతూ అడిగింది. అమ్మ నాన్నని మావా అనేది.

"మావా, ఆయన ఒక్క మాటంటే రేపు మనం ఎక్కడుంటాం? పసివాణ్ణి పెట్టుకుని ఏ చూరుకింద తలదాచుకుంటాం?"

"ఆయన ఆ మాట అనలేదుగా."

"అనేదాకా ఆగుతావా?"

"ఆగుతాను" అన్నాడు నాన్న. చేప ముల్లు తీసి నా కంచంలో ముక్క పెట్టాడు.

మర్నాడు నేను బడికి వెళ్ళలేదు. కడుపునొప్పి అన్నాను. మధ్యాహ్నం అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని మిల్లుకి వెళ్ళింది. గిత్త తిండి ఎక్కువ తింటుంది కాబట్టి నాన్న కొడవలి పట్టుకుని గట్టుకి వెళ్ళాడు. దొడ్డిలో గిత్త, నేను మిగిలాం. పెద్దపాలేరు మా గది వైపు చూసిన చూపే కళ్ళ ముందు ఉంది. గిత్త దానంతటదే వెళ్ళిపోతే తప్పు ఎవరిదీ కాదు కదా అనిపించింది. అది వెళ్ళిపోతుంది, ప్రెసిడెంటుగారికి కోపం రాదు, మేం ఇక్కడే ఉంటాం. పదేళ్ళ బుర్రకి అంతకుమించి తట్టలేదు.

అడ్డుకర్ర లాగేసి తలుపు తోశాను. గిత్త కదల్లేదు. నన్ను చూసి నెమరు వేస్తూ నిలబడింది. "పో" అన్నాను. వినలేదు. మా నాన్న పెట్టిన తిండికి దానికి ఇల్లు గుర్తురావడం లేదు. చివరికి చేటలో తవుడు పోసుకుని, దాని మూతి ముందు పట్టుకుని వెనక్కి నడిచాను. సందు చివరిదాకా అలా నడిపించి, చేట వెనక దాచేశాను. గిత్త కాసేపు అటూ ఇటూ చూసి, గంటలు మోగించుకుంటూ వాళ్ళ ఇంటి దారి పట్టింది. నేను వచ్చి తలుపు దగ్గరగా వేసి, పడుకుని ముసుగు పెట్టేశాను.

నాన్న గడ్డిమోపుతో వచ్చి ఖాళీ దొడ్డి చూశాడు. కింద పడిన అడ్డుకర్ర చూశాడు. నన్ను లేపలేదు. ఊరంతా వెతకడానికి వెళ్ళాడు. ఆ లోపలే పెద్దపాలేరు వచ్చాడు, చేతిలో పెద్ద అరటిపళ్ళ అత్తంతో. వీధిలోంచి తిరిగొస్తున్న నాన్నని చూసి, నవ్వుతూ వాటిని గుమ్మంలో పెట్టాడు.

"మంచిపని చేసేవు. నీకు లోకజ్ఞానం ఉందని నాకు తెలుసు. ప్రెసిడెంటుగారు రాగానే చెప్తాను" అన్నాడు.

ఆ పళ్ళ వైపు చూసినప్పుడు నాన్న మొహం ఎలా మారిందో నేను ముసుగులోంచి చూశాను. ఊరు ఏమనుకుంటోందో ఆయనకి అప్పుడు తెలిసింది.

పొద్దు వాలుతుండగా పాదుల మామ్మ వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తలుపు అవతల నిలబడి, దుంగల సందులోంచి ఖాళీ దొడ్డిని కాసేపు చూసింది.

"నీకూ పిల్లలున్నారు కదా నాయనా. నేనేం అనుకోనులే. ఎవరికైనా భయం ఉంటాది" అంది. కొంగుతో మొహం తుడుచుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

నాన్న తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ తిట్టి ఉంటే నేను నోరు విప్పేదాన్ని కానేమో. లేచి వెళ్ళి, వెనకనుంచి ఆయన లుంగీ పట్టుకుని, "నేనే తీశాను నాన్నా" అన్నాను. తవుడు చేట సంగతి కూడా చెప్పాను. ఆయన నా వైపు తిరిగి, "గిత్త కాలు ఎక్కడా మడతపడలేదుగా?" అని అడిగాడు. లేదన్నాను. అంతే.

మర్నాడు పొద్దున్నే నన్ను తలదువ్వుకోమని, పుస్తకం నా చేతికిచ్చి, అరటిపళ్ళు తను పట్టుకుని బయల్దేరాడు. ప్రెసిడెంటుగారు అరుగు మీద కుర్చీలో కూర్చుని గడ్డం గీయించుకుంటున్నారు. సగం మొహం నురగ. మంగలాయన కత్తి గాల్లో ఆపేశాడు. నాన్న పళ్ళు అరుగు మీద పెట్టి, చేతులు కట్టుకున్నాడు.

"గిత్తని దొడ్డికి పంపించాలండి."

"ఇంటికొచ్చేసిందిగా. ఇంకేంటి?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"చీటీ లేకుండా వచ్చిందండి. అడ్డుకర్ర నేను సరిగ్గా వెయ్యలేదు. ఆయ్, తప్పు నాదేనండి."

నేను నోరు తెరిచాను. నాన్న చెయ్యి నా భుజం మీద బరువుగా పడింది. మూసుకున్నాను.

"నువ్వు పంచాయతీ నౌకరువి. నా ఇంటికొచ్చి నా గిత్తనే బందెలో పెట్టమంటున్నావు" అన్నారు ఆయన. గొంతులో కోపం ఉంది. "నిన్ను ఆ పనిలో పెట్టింది ఎవరు?"

"తమరేనండి. గొడ్డు ఎవరిదైనా చీటీ లేకుండా వదలొద్దని చెప్పింది కూడా తమరేనండి."

ప్రెసిడెంటుగారు నా చేతిలోని పుస్తకం లాక్కుని తెరిచారు. తన పేరు దగ్గర ఆగారు.

"ఇది ఎవరు రాశారు?"

"నేనండి" అన్నాను.

"గారు లేదేం?"

"ఎవరికీ లేదండి" అన్నాను. గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాను.

ఆయన వెనక్కి పేజీలు తిప్పారు. మునసబుగారి దూడ, కరణంగారి ఆవు, గుడి పూజారిగారి మేక, బట్టల కొట్టాయన గేదె. ఎవరికీ లేదు. ఇంకా వెనక్కి తిప్పారు. ఒకచోట ఆగి చిన్నగా చదువుకున్నారు. ఆ పేజీలో ఏముందో నాకు తెలుసు. ప్రెసిడెంటుగారి నాన్నగారి ఎద్దు, ఆయన బతికున్నప్పటిది, గుమాస్తా చేతిరాతలో, గారు లేకుండానే. పుస్తకం నా చేతికిచ్చి, "వెళ్ళండి" అన్నారు. పంపుతానని అనలేదు, పంపనని అనలేదు.

ఆ రోజు గడిచింది. మర్నాడు గడిచింది. అమ్మ సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. శుక్రవారం పొద్దున్న బజారులో గంటలు వినిపించాయి. పెద్దపాలేరు తల వంచుకుని గిత్తని నడిపించుకొస్తున్నాడు. వెనకాల ప్రెసిడెంటుగారు సైకిలు తోసుకుంటూ నడుస్తున్నారు. గిత్త లోపలికి వెళ్ళాక, ఆయన ఆఫీసుకి వెళ్ళి బందె కట్టి, చీటీ తనే పట్టుకొచ్చి, అందరిలాగే దుంగల తలుపు అవతల నిలబడ్డారు. నాన్న చీటీ నాకిచ్చి చదవమన్నాడు. చదివాను. నాన్న అడ్డుకర్ర తీశాడు.

"వదిలిన రోజు రాసుకో అమ్మాయ్, మర్చిపోకు" అన్నారు ప్రెసిడెంటుగారు నాతో. నాన్న మొహం వైపు చూడకుండానే వెళ్ళిపోయారు. తర్వాతి వారం ఆయన మనుషులు పాదుల మామ్మ చెక్క చుట్టూ ముళ్ళకంచె వేశారు.

నెల తిరక్కుండా నాన్నని బందెలదొడ్డినుంచి తీసి సంత గేటు దగ్గర ఆశీలుకి వేశారు. జీతం కాస్త పెరిగింది, గది పోయింది. అది శిక్షో, మెప్పో మాకు ఎప్పటికీ తెలియలేదు. తట్టల ఆడవాళ్ళ దగ్గర చెయ్యి చాపడం నాన్నకి ఇష్టం ఉండేది కాదు. ఇంటికొచ్చాక చాలాసేపు చేతులు కడుక్కునేవాడు. గొడ్ల దగ్గర పనిచేసినన్నాళ్ళూ అలా కడుక్కోవడం నేను చూడలేదు.

ఊరు మాత్రం ఈ కథని ఏళ్ళ తరబడి చెప్పుకుంది. "ముందు భయపడి వదిలేశాడు గానీ, తర్వాత మనసు ఒప్పక, ధైర్యం తెచ్చుకుని ఆయన ఇంటికే వెళ్ళి అడిగాడు" అని. అలా చెప్పుకుంటే వాళ్ళకి నాన్న ఇంకా నచ్చేవాడు. పాదుల మామ్మ కూడా అలాగే నమ్మింది. కనిపించినప్పుడల్లా, "భయపడ్డా మళ్ళీ నిలబడ్డావు నాయనా, అది గొప్ప" అనేది. నాన్న నవ్వి ఊరుకునేవాడు. నేను పక్కనే ఉండేదాన్ని. ఆవిడ పోయేదాకా నేను నిజం చెప్పలేదు. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూనే నాకు పెళ్ళయిపోయింది, ఊరు మారిపోయాను.

నాన్న మంచంలో ఉన్న రోజుల్లో ఒకసారి అడిగాను, నా పేరు ఎందుకు చెప్పలేదని. ఆయనకి అప్పటికి మాట తడబడుతోంది.

"పుస్తకంలో గొడ్డుకి గడి ఉంది, గొడ్డుగలవాడికి ఉంది, తెచ్చినవాళ్ళకి ఉంది. తలుపు తీసినవాళ్ళకి గడి లేదమ్మా" అన్నాడు. తన మాటకి తనే నవ్వాడు.

ఇప్పుడు కరణాలూ లేరు, మునసబులూ లేరు. మైకులో రేడియో లేదు. గొడ్లే లేవు, ఇంక వాటికి బందెలదొడ్డి ఎందుకు? ఆ జాగాలో పంచాయతీవాళ్ళు కొట్లు కట్టి అద్దెకిచ్చారని మా తమ్ముడు చెప్పాడు. క్రితంసారి ఊరు వెళ్ళినప్పుడు చూశాను. మా గది ఉన్నచోట సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు.

డ్రైవరు అంతా విన్నాడు. లోపలనుంచి మామా పిలుస్తోంది. లేవబోతుంటే అడిగాడు.

"మీ తమ్మునికి గీ సంగతి ఎరుకేనా అక్కా?"

"వాడప్పుడు ఉయ్యాల్లో ఉన్నాడు. ఊరు చెప్పిందే వాడికి తెలుసు."

"అంటె, మీ నాయిన బుగులువడ్డడనే అనుకుంటున్నడా ఇప్పటిదాంక?"

లేచి లోపలికి వెళ్ళిపోయాను. మామాకి మందులిచ్చాను, కాళ్ళు పట్టాను. ఆ ప్రశ్న మాత్రం వదల్లేదు. తమ్ముడు ఈ కథని మనవలకి ఎంత సంబరంగా చెప్తాడో నాకు తెలుసు. పోయినసారి వెళ్ళినప్పుడు నా ఎదురుగానే చెప్పాడు. "మీ ముత్తాతకి కూడా భయం వేసిందర్రా" అని చెప్తుంటే, నేను పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ ఊరుకున్నాను.

శుక్రవారం ఫోన్ చేశాను. కుశలాలు అయ్యాక, మేక సంగతి చెప్పి, అక్కణ్ణించి గిత్త దగ్గరకి వచ్చి, అడ్డుకర్ర, తవుడు, చేట, అన్నీ చెప్పాను. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"ఉన్నావా?"

"ఉన్నానక్కా" అన్నాడు. "అయితే నాన్న భయపడలేదా?"

"లేదురా. ఒక్క నిమిషం కూడా. భయపడింది నేను."

అవతల ఎవరో పిల్లలు అల్లరి చేస్తున్నారు. వాళ్ళని కసిరి, మళ్ళీ ఫోను దగ్గరకి వచ్చాడు.

"పిల్లలకి అంతా తప్పే చెప్పేనన్నమాట. ఇంక మార్చి చెప్పాలి" అన్నాడు. మళ్ళీ తనే, "తలుపు ఎవరు తీశారని అడుగుతారు. ఎవరో పిల్ల అని చెప్పనా?" అన్నాడు.

"వద్దు" అన్నాను. "నా పేరు పెట్టే చెప్పు."